ప్రేమయు పెత్తనమును

లోకములో చెడుగు తన సొంత పేరుతో సంచరించుట అరుదు. లోభము పొదుపని పేరు పెట్టుకొనును. పిరికితనము శాంతమని చెప్పుకొనును. క్రౌర్యము క్రమశిక్షణ యనిపించుకొనును. ఇట్టి మారుపేరులన్నింటిలోను మిక్కిలి ప్రమాదకరమైనది పెత్తనము ప్రేమయను పేరుతో చెల్లుబాటగుట. అనుభవము గల పెద్దలే యీ మోసమును కనిపెట్టలేక సంవత్సరముల తరబడి బాధపడుచుండగా, 16 ఏండ్ల బాలిక గాని 17 ఏండ్ల బాలుడు గాని దానిని మొదటి చూపులోనే గుర్తింపవలెననుట న్యాయము కాదు. కావున ప్రేమ యెచ్చట ముగిసి పెత్తన మెచ్చట మొదలగుచున్నది, పసితనము వీడని మనస్సులు దాని నెట్లు గుర్తింపవలెను, గుర్తించిన పిదప గృహము చేయవలసిన ధర్మమేమి అను ప్రశ్నలను చదువరుల యెదుట నుంచదలచినాము.

ఇంటిల్లిపాది చదువుకొను పత్రికలో చర్చింపదగిన విషయమా యిది యని కొందరడుగుదురు. మా పిల్లలకట్టి వ్యవహారములు లేవని మరికొందరందురు. మొదటివారికి మేము చరిత్రను జ్ఞాపకము చేయుదుము. 1881వ సంవత్సరము డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహమును జరిపించినప్పుడును, పలుకరాని మాటను పలికినాడని ఆయనను నిందించినవారు కొల్లలు. పలుకకుండుటచేత వితంతువుల దుఃఖము తగ్గలేదు, పలికినందుననే తగ్గినది.

రెండవవారికి చెప్పవలసినది కొంత విస్తారముగా చెప్పవలెను. పూర్వము మనలో బాలికకు బాల్యము ముగియుటయు కాపురము మొదలగుటయు దాదాపు ఒక్కసారిగనే జరిగెడివి. 1929లో పుట్టిన శారదా చట్టము బాలికకు 14 ఏండ్లు, బాలునికి 18 ఏండ్లు నిండనిదే వివాహము చేయరాదనెను. 1978లో ఆ హద్దు 18, 21 ఏండ్లకు పెరిగినది. దీనితోపాటు కళాశాలలు వచ్చినవి, ఉద్యోగములు వచ్చినవి. తత్ఫలితముగా నేడు బాల్యమునకును వివాహమునకును నడుమ కొందరికి ఏడెనిమిదేండ్లు, కొందరికి పదిపన్నెండేండ్ల విరామకాల మేర్పడినది. ఈ విరామమును తెచ్చినది సంఘసంస్కరణమే. తెచ్చినందుకు మనము గర్వింపవలసినదే. కాని యీ కాలమంతయు పిల్లల హృదయము నిద్రించుచుండునని యనుకొనుట ప్రకృతినెరుగని మాట. వివాహ వయస్సును పెంచిన సంస్కర్త, చదువుకై కూతురిని పట్టణమునకు పంపిన తండ్రి, ఆ నడిమి కాలమునకు తగిన నీతిని గూడ పిల్లలకు చెప్పవలసిన బాధ్యతను తమ మీద వేసికొన్నవారే. ఆ నీతిని మనము చెప్పనిచో చలనచిత్రము చెప్పును, సెల్‌ఫోను చెప్పును, వీధి చెప్పును.

ఇంతకును ఈ బాధ యెట్లు మొదలగుచున్నది? దెబ్బతో మొదలగునని యనుకొనువారు పొరబడుదురు. ఇంటర్మీడియట్ చదువుచున్న యొక బాలికను ఉదాహరణముగా తీసికొందము. ఒక సహాధ్యాయి ఆమెకు గంటగంటకు సందేశములు పంపును. "తిన్నావా? పడుకున్నావా?" అని అడుగును. తన్నింతగా విచారించువారు మరియొకరు లేరని ఆ పిల్ల మురిసిపోవును. కొన్నాళ్ళకు జవాబు ఆలస్యమైనచో సంజాయిషీ యడుగును. మరికొన్నాళ్ళకు, "మన మధ్య దాపరికమెందుకు?" అని ఫోను పాస్‌వర్డు తీసికొనును. పిమ్మట ఆమె స్నేహితురాలు అతనికి నచ్చదు. ఆమె దుస్తులు నచ్చవు. ట్యూషనులో ప్రక్కన కూర్చున్న వాడెవడో తెలియవలెను. ఎక్కడ నున్నావో లొకేషను పంపుమనును. నమ్మకము చాలక వీడియో కాలులో గదియంతయు చూపుమనును. ఒక యేకాంత సమయమున నొక ఫోటో యడుగును. ఆమె యెప్పుడైన విడిపోవుదునన్నచో, చేయి కోసికొందునని బెదరించును. అది చాలనిచో ఆ ఫోటోను నలుగురికి పంపుదుననును. ఈ మెట్లలో ఏ యొక్కదానిని విడిగా చూచినను ప్రేమాతిశయమని సమర్థింపవచ్చును. అన్నింటిని కలిపి చూచినప్పుడే యది సంకెల యని తెలియును. ఒక్కొక్క లంకె చిన్నదగుటయే సంకెలకు బలము.

దెబ్బ పడిన నాడు గూడ విషయము స్పష్టము కాదు. కొట్టినవాడు మరునాడు ఏడ్చును, కాళ్ళు పట్టుకొనును, కానుక తెచ్చును. కొన్ని దినములు మునుపటికంటె మృదువుగా నుండును. తరువాత మరల విసుగు, మరల బిగువు, మరల దెబ్బ. అమెరికాలో లెనోర్ వాకర్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు 1979లో ప్రకటించిన గ్రంథమున ఈ వరుసను ఒక చక్రముగా వర్ణించెను. ఆ దేశమునందే డులూత్ అను పట్టణమున 1984లో, హింస ననుభవించిన స్త్రీల మాటలనే ఆధారముగ గొని, కొట్టుట యొక్కటియే గాక బెదరించుట, అవమానించుట, బంధుమిత్రులనుండి వేరుచేయుట, డబ్బును చేతిలో నుంచుకొనుట మొదలైనవన్నియు పెత్తనము చుట్టు తిరుగు ఆకులేయని మరియొక చక్రమును గీచిరి. 2015లో ఇంగ్లండు, వేల్సు దేశములకై చేసిన యొక చట్టము, దెబ్బ లేకున్నను, దగ్గరి సంబంధమున నొకరినొకరు ఎడతెగక అదుపులో నుంచి భయపెట్టుటను నేరముగా నెంచెను. శరీరముపై మచ్చ లేనంత మాత్రమున గాయము లేదనరాదను సత్యమును చట్టము సైతము ఒప్పుకొనవలసి వచ్చినది.

ఈ బాధ బాలికలకే గాదు. తన్ను విడిచినచో లేనిపోని నింద వేయుదునని బెదరింపబడుచున్న బాలురును కలరు. స్నేహితులను వదలి, చదువును వదలి, ఒకరి కోపమునకు కాపలా కాయుచున్నవారును కలరు. మగవాడవు, నీకేమి భయమని నవ్వుదురను సిగ్గుచేత వారు మరింత మౌనముగ నుందురు. ఐనను తీవ్రమైన గాయములును, ప్రాణహానియు, లోకనిందయు ఎక్కువగా బాలికల పాలనే పడుచున్నవను మాటను దాచరాదు.

ఇక తత్త్వమును విచారింతము. అనుమానము లేనిచోట ప్రేమ లేదను మాట మనలో చాల చోట్ల వినవచ్చును. ఈర్ష్య మనుష్యులకు సహజమే. అది కలిగినంత మాత్రమున ఎవడును దోషి కాడు. కాని యొక భావము నాకు కలుగుట వేరు, ఆ భావము నాకొక హక్కు నిచ్చినదనుట వేరు. ఆకలి సహజమే, అంతమాత్రమున ఎదుటివాని విస్తరి నాది కాదు. ఈర్ష్య కలిగినవాడు దానిని తన బాధగా చెప్పుకొనవచ్చును. దానిని ఎదుటివారికి ఆజ్ఞగా మార్చిన క్షణముననే ప్రేమ వెనుకకు తగ్గి పెత్తనము ముందుకు వచ్చినది.

మరియు నొక సూక్ష్మము కలదు. పొలమును, ఆవును, నగను మనము సొంతము చేసికొందుము, అవి వలదనలేవు. మనుష్యుడు వలదనగలడు. ఆ వలదనగల శక్తి యుండుటచేతనే అతడు సరేయన్న మాటకు విలువ గలిగినది. ఖైదీ తన కావలివానిని చూచి నవ్వినచో ఆ నవ్వును స్నేహమని ఎవరనుకొందురు? ఎదుటివారి కాదనెడి శక్తిని చంపినవాడు, తానాశించిన ఔననెడి మాటను గూడ అప్పుడే చంపుకొనుచున్నాడు. తరువాత అతని చేతిలో మిగులునది లొంగుబాటే గాని ప్రేమ గాదు. పెత్తనము అధర్మమగుటయే కాక, తాను కోరిన దానిని తానే నాశనము చేసికొను అవివేకము గూడ నైయున్నది.

దీనినుండి పిల్లలకు చెప్పదగిన రెండు పరీక్షలు తేలుచున్నవి. మొదటిది: ఒక చిన్న విషయమున వలదని చెప్పి చూడుము. రేపు రాలేను, ఈ ఫోటో పంపను, నా స్నేహితురాలితో మాట మానను అని చెప్పినప్పుడు ఎదుటివారు నొచ్చుకొనవచ్చును, వాదింపనువచ్చును; కాని నీకు భయము కలిగినచో ఆ భయమే సమాధానము. రెండవది: ఈ స్నేహము మొదలైన నాటినుండి నీ లోకము పెరిగినదా, కుదించుకొనిపోయినదా? మునుపున్న స్నేహితులు, ఆటలు, చదువు, ఇంటివారితో మాటలు ఇంకను ఉన్నవా, ఒకటొకటిగా రాలిపోయినవా? నిజమైన ప్రేమ మనుష్యుని లోకములోనికి నడిపించును. పెత్తనము ఒక్క గదిలో పెట్టి తలుపు వేయును. "నేనును నా పాస్‌వర్డు ఇచ్చితిని గదా" యనుట యిందుకు జవాబు గాదు. ఇద్దరి కాళ్ళకును ఉన్నంత మాత్రమున సంకెల ఆభరణము కానేరదు.

పిల్లలీ పెత్తనమును ప్రేమయని యేల నమ్ముచున్నారు? వారికీ పాఠము చెప్పినవారెవరు? హీరో వెంటబడి విసిగించి చివరకు హీరోయిన్ మనస్సును గెలుచు చలనచిత్రములను నిందించుట సులభము. ఆ నింద కొంత న్యాయమే. కాని మొదటి పాఠశాల యిల్లే. అన్న చెల్లెలి ఫోను లాగికొని చూచును. దానిని రక్షణ యందుము. తండ్రి తల్లిని గడప దాటినందుకు లెక్క యడుగును, దానిని మమకారమందుము. నీ మేలు కోరియే కొట్టినానని బిడ్డకు చెప్పుదుము. ఇట్టి యింట పెరిగిన బాలికకు, ఒకడు వచ్చి తన ఫోనును చూచి, లెక్క యడిగి, కొట్టి, ప్రేమించుచున్నాననినచో నమ్మక యేమి చేయును? ఆమె యెరిగిన ప్రేమ భాష అదియే. ఆ యింటనే పెరిగిన బాలుడు రేపు మరియొక యింటి పిల్లకు ఆ పాఠమునే అప్పగించును. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెత ఇచ్చట అక్షరాల వర్తించును.

ఈ పాఠమునకు ఫలమెంత ఘోరముగ నుండగలదో మన గడ్డ యెరుగును. 2008వ సంవత్సరము డిసెంబరులో వరంగల్లున ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోసిరి; వారిలో నొకరు తరువాత మరణించినది. కొలది దినములకే నిందితులు ముగ్గురును పోలీసుల కాల్పులలో మరణింపగా పలువురు హర్షించిరి. 2021 ఆగస్టు 15వ తేదీన గుంటూరులో, స్వాతంత్ర్య దినమున పట్టపగలు, సామాజిక మాధ్యమమున పరిచయమైన యువకుడొకడు ఒక విద్యార్థినిని నడివీధిలో పొడిచి చంపెను. 2022 ఏప్రిలులో అతనికి న్యాయస్థానము మరణశిక్ష విధించెను. శిక్ష వార్త వినగానే జనుల మనస్సు తృప్తిపడి మరల నిద్రపోవుచున్నది. కాని యాసిడ్ సీసాకును కత్తికిని ముందు, కాదన్న మాటను సహింపలేని యొక మనస్సు ఎన్నియో ఏండ్లపాటు ఏదో యొక యింట పెరిగియుండును. ఆ ఏండ్లలో చేయదగిన పనిని ఏ తుపాకియు, ఏ ఉరికంబమును చేయజాలవు.

చట్టము మనకు తోడున్నది. కాదని స్త్రీ స్పష్టముగా తెలిపినను వెంబడించుట, మాటిమాటికి సంభాషణకు ప్రయత్నించుట, అంతర్జాలమున ఆమె వ్యవహారములపై కన్నువేసియుండుట అనువానిని 2013లో ప్రత్యేక నేరముగా జేసిరి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను ఈ నేరమును గూర్చినదే. మొదటి తప్పునకే మూడేండ్ల వరకు ఖైదు విధింపవచ్చును. 2012 నాటి పోక్సో చట్టము 18 ఏండ్లలోపు బాలబాలికల నిరువురను రక్షించుచున్నది. ఆ వయస్సులోపు అంగీకారమును అది లెక్కింపదు. 2014 అక్టోబరులో హైదరాబాదున షీ టీములు పుట్టినవి. బాలలకు 1098, స్త్రీలకు 181, అంతర్జాల మోసములకు 1930, ఏ యాపదకైనను 112 అను ఫోను సంఖ్యలున్నవి. వీనిని ప్రతి యింట పిల్లలకు కంఠస్థము చేయింపవలెను. ఐనను చట్టము తలుపు తట్టినవారికే తెరచుకొనును. ఆ తలుపు వరకు పిల్లను నడిపింపవలసినది, నడువనీయక ఆపుచున్నది, రెండును గృహమే.

ఇదియే మా వాదమునకు ముఖ్యాంశము. పెత్తనము చేయువాని చేతనున్న ఆయుధములలో అన్నింటికంటె పదునైనదేది? "మీ ఇంట్లో చెప్తాను" అను ఒక్క మాట. ఈ మాట యెందుకింత పదునైనది? ఇంటివారికి తెలిసినచో చదువు మాన్పింతురు, ఫోను లాగికొందురు, కొట్టుదురు, వచ్చిన మొదటి సంబంధమునకు కట్టబెట్టుదురు అని ఆ పిల్ల యెరిగియుండుటచేతనే గదా? ఆ ఆయుధమును బెదరించువాడు తయారు చేయలేదు. ఇల్లు సానపట్టి యుంచినదానిని అతడు చేతికి తీసికొన్నాడు, అంతే. బిడ్డ తన పరువును గూర్చి యిల్లు భయపడినంతగా తన ప్రాణమును గూర్చి భయపడదని యెరిగిన నాడు, బయటివాని క్రౌర్యమును గృహము యొక్క కోపముకంటె తేలికయని యెంచును. దీనికంటె కుటుంబమునకు అపజయము మరియొకటి లేదు.

కావున తల్లిదండ్రులు ఆపద రాకమునుపే, పిల్లకు పదమూడు పదునాలుగేండ్లు వచ్చిన నాడే, నోరార ఒక ప్రతిజ్ఞ చేయవలెను: "నీవేమి చేసినను, ఎవరితో నున్నను, నీకు భయము కలిగిన నాడు మాకు చెప్పుము. చెప్పినందుకు నీ చదువు ఆగదు." ఇట్లు చెప్పినచో పిల్లల స్వేచ్ఛాచారమునకు అనుమతి యిచ్చినట్లు కాదాయని అడుగుదురు. కాదు. ఆ స్నేహము తమకిష్టము లేదని తల్లిదండ్రులు చెప్పవచ్చును. కారణములు చెప్పి వారింపవచ్చును. చిన్న వయస్సున చేయదగినదేదో, చేయరానిదేదో నియమింపనువచ్చును. తప్పునకు మందలించుట వేరు, నిజము చెప్పినందుకు శిక్షించుట వేరు. రెండవది చేసిన యింటికి మరియొకసారి నిజము రాదు. ఈ ప్రతిజ్ఞను నిలుపుకొనుట సులభమని మేమనుట లేదు. చుట్టాల మాటలను, ఇరుగుపొరుగుల చూపులను దిగమ్రింగవలసి వచ్చును. కాని యా చేదును ఎవరో యొకరు మ్రింగక తప్పదు. అనుభవమున్న పెద్దలు మ్రింగుటయా, 16 ఏండ్ల బిడ్డ ఒంటరిగా మ్రింగుటయా యనునదే ప్రశ్న.

బిడ్డ వచ్చి చెప్పిన నాడు ఎట్లు వినవలెనో గూడ నేర్చుకొనవలెను. "నువ్వేం చేశావు?" అను ప్రశ్నతో మొదలు పెట్టరాదు, చెప్పి మంచిపని చేసితివని మొదలు పెట్టవలెను. ఫోను లాగికొని సందేశములను చెరిపివేయరాదు. అవియే రేపు సాక్ష్యములు. కోపముతో ఆ యువకుని యింటిమీదికి పోరాదు. విడిపోవు సమయమే మిక్కిలి ప్రమాదకరమని ఈ విషయమును పరిశోధించినవారు చెప్పుచున్నారు. కావున "చివరిసారి ఒక్కసారి కలువుము" అని పిలిచినప్పుడు ఒంటరిగా పంపరాదు. కళాశాలకు పోవు దారిని, వేళను కొన్నాళ్ళు మార్చి, తోడునుంచి, ఉపాధ్యాయులలో నొకరికైనను తెలియజేయవలెను. చచ్చిపోవుదునని బెదరించినవాని మాటను తేలికగా తీసివేయరాదు. అతని పెద్దలకు వెంటనే తెలుపవలెను. ఐతే అతని ప్రాణమునకు పూచీ తనది కాదని, అందుకొరకై తాను లొంగియుండనక్కరలేదని బాలికకు గట్టిగా చెప్పవలెను.

మాట చెప్పని బిడ్డలును ఉందురు. వారి లక్షణములే వారి మాటలు. ఫోను మ్రోగగానే ఉలికిపడుట, జవాబిచ్చుటకు భోజనము మధ్యలో లేచిపోవుట, ప్రాణస్నేహితులతో కారణము లేక తెగతెంపులు, ఇష్టమైన దుస్తులను అకస్మాత్తుగా మానుట, మార్కులు జారుట, ఎండలో నిండు చేతుల చొక్కా, చిన్న విషయములకును క్షమింపుమని వేడుకొనుట. వీనిలో ఒక్కటి చూచి దొంగను పట్టినట్లు పట్టరాదు. పలువిధములుగ కనబడినప్పుడు ప్రక్కన కూర్చుండి, తొందరపెట్టక, మేమున్నామని తెలుపవలెను.

తుదకు కొడుకుల సంగతి. బిడ్డలను కాపాడుకొనుటయనగానే మన దృష్టి కూతురిమీదికే పోవుట విచిత్రము. కూతురికి జాగ్రత్త నేర్పి కొడుకునకు ఏమియు నేర్పని సంఘము, గొర్రెకు పరుగు నేర్పి తోడేలును పెంచుకొనుచున్నట్లే. బాలునికి నేర్పవలసిన పాఠములలో మొదటిది కాదన్న మాటను వినుట. అది కళాశాలలో నేర్చునది కాదు. చెల్లెలు తన బొమ్మ నీయనన్నప్పుడు, తల్లి అలసి లేవలేనన్నప్పుడు, ఆ మాటకు ఇంటిలో విలువ యిచ్చినచో నేర్చును. మొక్కై వంగనిది మానై వంగునా? రెండవది దుఃఖించుట. తిరస్కారము నిజముగా నొప్పియే. మగవాడు ఏడువరాదని నోరుమూయించినచో ఆ నొప్పి కోపమగును. కోపమునకు చేతులు మొలచును. మనస్సు విరిగిన కొడుకు తండ్రి ప్రక్కన కూర్చుండి ఏడ్చుటకు చోటున్న యింటినుండి ఎవరిమీదనో ఆయుధమెత్తువాడు వచ్చుట అరుదని మా నమ్మకము.

గత శతాబ్దపు సంస్కర్తలు బాలికకు అక్షరమును, ఇష్టమైన వయస్సు వచ్చువరకు ఆగు స్వేచ్ఛను సంపాదించి యిచ్చిరి. వారి వారసులమని చెప్పుకొను గృహములకు మిగిలిన పని, ఆమె నోటి కాదన్న మాటను ఇంటను వీధిలోను నిలుపుట. ఈ పని సభలతో కాదు, తీర్మానములతో కాదు. ఈ రాత్రి భోజనమువేళ కూతురితో ఒక ప్రతిజ్ఞ, కొడుకుతో ఒక సంభాషణ, ఇంటి యిల్లాలి మాటను కాదనక విను ఒక మర్యాద: వీనితో మొదలగును. ఈ పనికి ధనమక్కరలేదు, పరువును కొంచెము ప్రక్కనుంచు ధైర్యము చాలును. చదువరులలో నొక్క కుటుంబమైనను అట్లు చేసినచో, ఏదో యొక నాడు ఏదో యొక బిడ్డ "మీ ఇంట్లో చెప్తాను" అని బెదరించువానికి "నేనే చెప్పుకొన్నాను" అని జవాబియ్యగలదు.